రోడ్డు వెడల్పు ఒక్కటే సరిపోతుందా? తెనాలి–రేపల్లె–బాపట్ల దారిలో పట్టాలు, బస్సులు కలిస్తేనే ఊరట

తెనాలి: పొద్దున ఎనిమిది దాటాక తెనాలి నుంచి గుంటూరు రోడ్డెక్కితే ఓపికకు పరీక్షే. ముందు ట్రక్కు తగిలించుకున్న ట్రాక్టర్. దాని వెనక ఆర్టీసీ బస్సు. బస్సును దాటాలని చూసే కాలేజీ పిల్లల బైకులు, సందు దొరికితే దూరే షేర్ ఆటోలు. నారాకోడూరు సెంటర్‌కి వచ్చేసరికి పొన్నూరు, బాపట్ల వైపు నుంచి వచ్చే బండ్లన్నీ కలుస్తాయి. అక్కడి నుంచి గుంటూరు దాకా ఇరుకే.

ఈ బాధకు అందరి నోటా వచ్చే మందు ఒక్కటే. రోడ్డు వెడల్పు చేయండి, నాలుగు వరుసలు వేయండి. అడగడంలో తప్పు లేదు. కానీ ఈ ప్రాంతానికి మరో ఆస్తి ఉంది. తెనాలి నుంచి గుంటూరుకు, విజయవాడకు, బాపట్లకు, రేపల్లెకు నాలుగు వైపులా రైలు పట్టాలున్నాయి. రాష్ట్రంలో ఇలాంటి వసతి ఉన్న మధ్య తరహా పట్టణాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా జనం రోడ్డునే ఎందుకు నమ్ముకుంటున్నారు? రోడ్డు మీద పెట్టే డబ్బు, రైలు మీద పెట్టే డబ్బు, బస్సు మీద పెట్టే డబ్బు.. ఏది ఎంతమందికి మేలు చేస్తుందో ఒకే కాగితం మీద ఎవరైనా పోల్చి చూశారా? అసలు ప్రశ్న ఇదే.

మూడు ఊళ్లు.. మూడు రకాల ఇబ్బంది

తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది. చదువుకూ వైద్యానికీ ఉద్యోగాలకూ జనం రోజూ గుంటూరు, విజయవాడ వెళ్లి వస్తుంటారు. గుంటూరు పాతిక కిలోమీటర్లు, విజయవాడ ముప్పై రెండు కిలోమీటర్ల దూరం. చెన్నై–కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి తెనాలిని తాకకుండానే గుంటూరు, మంగళగిరి మీదుగా వెళ్లిపోతుంది. హైవే ఎక్కాలంటే ముందు ఈ ఇరుకు రోడ్లు దాటాల్సిందే.

రేపల్లెది ఇంకో కథ. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. అంటే కలెక్టరేట్ పని పడితే బాపట్ల వెళ్లాలి. కానీ రేపల్లె నుంచి బాపట్లకు నేరుగా రైలు లేదు. రైల్లోనే వెళ్తామంటే తెనాలి దాకా వచ్చి, మళ్లీ కిందికి దిగి, మొత్తం 75 కిలోమీటర్లకు పైగా చుట్టూ తిరగాలి. కాబట్టి కర్లపాలెం మీదుగా రోడ్డే గతి. ఆ దారిలోనే కత్తిపూడి–ఒంగోలు 216వ నంబరు జాతీయ రహదారి వస్తుంది. పెనుమూడి–పులిగడ్డ వారధి దాటి వచ్చే లారీలు, నిజాంపట్నం వైపు నుంచి చేపలు, రొయ్యలు, ఐసు తీసుకెళ్లే బండ్లు, ఊళ్ల మధ్య తిరిగే ఆటోలు.. అన్నీ అదే రోడ్డు మీద.

బాపట్ల మెయిన్‌లైన్ మీదే ఉంది. రైళ్లకు కొదవ లేదు. కానీ ఆదివారం వస్తే సూర్యలంక బీచ్‌కు వచ్చే కార్లు, బస్సులతో ఊరు నిండిపోతుంది. రైల్లో వచ్చినవాళ్లకు స్టేషన్ నుంచి బీచ్‌కు ఉన్న తొమ్మిది కిలోమీటర్లే పెద్ద సమస్య. ఆటో బేరం తట్టుకోలేక చాలామంది ఇంటి దగ్గరి నుంచే కారు తీస్తున్నారు.

లెక్క బండ్లదా? మనుషులదా?

రోడ్డు చాలుతుందా లేదా అని ఇంజినీర్లు చూసే లెక్క ఒకటుంది. అన్ని బండ్లనూ కార్ల కింద మార్చి లెక్కిస్తారు. కారు ఒకటైతే, బైకు అర. ఆటో ఒకటి. బస్సు, లారీ మూడేసి. ట్రక్కుతో ఉన్న ట్రాక్టర్ నాలుగున్నర. ఎడ్లబండి ఎనిమిది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన కొలత ఇది. అంటే వరి కోతల రోజుల్లో రోడ్డెక్కే ఒక్కో ట్రాక్టర్ తొమ్మిది బైకులంత చోటు తింటుందన్నమాట. డెల్టా రోడ్ల మీద బండ్ల సంఖ్య తక్కువ కనిపించినా ఇరుకు ఎక్కువగా ఉండటానికి ఇదో కారణం.

అదే కొలత ప్రకారం మైదాన ప్రాంతంలో రెండు వరుసల రోడ్డు రోజుకు 15 వేల కార్లంత రద్దీని సాఫీగా మోస్తుంది. నాలుగు వరుసలైతే 35 వేలు. లెక్క అక్కడితో ఆగిపోతే వెడల్పు చేయడమే సమాధానమవుతుంది.

కానీ బండ్లను పక్కనబెట్టి మనుషుల్ని లెక్కేస్తే బొమ్మ మారిపోతుంది. తెనాలి నుంచి గుంటూరుకు వెయ్యి మంది వెళ్లాలనుకుందాం. కారుకు ఇద్దరు చొప్పున వెళ్తే 500 కార్లు, రోడ్డు మీద 500 యూనిట్ల భారం. బైకుకు ఇద్దరైతే 500 బైకులు, 250 యూనిట్లు. ఆటోకు ఐదుగురైతే 200 ఆటోలు, 200 యూనిట్లు. బస్సుకు 50 మందైతే 20 బస్సులు చాలు, భారం 60 యూనిట్లే. ఇక అదే వెయ్యి మంది ఒక్క మెమూ రైలెక్కితే రోడ్డు మీద భారం సున్నా.

కేంద్ర ప్రభుత్వం 2006లో తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పిందీ ఇదే. కదలాల్సింది మనుషులు, బండ్లు కాదు. ఇరవై ఏళ్లు కావస్తున్నా మన చిన్న పట్టణాల దాకా ఆ మాట రాలేదు. ఇప్పటికీ ప్రతిపాదన అంటే ఎన్ని మీటర్ల వెడల్పు, ఎన్ని కోట్లు.. అంతే.

వెడల్పు చేస్తే ఏమవుతుంది?

డెల్టాలో రోడ్డు వెడల్పు చేయడం రాయలసీమలో చేసినంత తేలిక కాదు. ఇక్కడ చాలా రోడ్లు కాలువ గట్ల వెంబడే నడుస్తాయి. ఒక పక్క కాలువ, ఇంకో పక్క మాగాణి. జరగాలంటే రైతు పొలంలోకే జరగాలి. అది వరి, అరటి, పసుపు పండే భూమి, ధరా అలాగే ఉంటుంది. ఊరి లోపలైతే షాపులు, ఇళ్లు కొట్టాలి. దానికితోడు నల్లమట్టి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. పునాది గట్టిగా వేయకపోతే రెండేళ్లకే రోడ్డు కుంగుతుంది. కట్ట ఎత్తు పెంచేటప్పుడు తూములు సరిగా వదలకపోతే పక్క పొలాలు మునుగుతాయి.

ఇంత చేసినా రద్దీ తగ్గుతుందన్న హామీ లేదు. అమెరికాలో మన తెలుగువాళ్లు చాలామంది ఉండే హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే ఇందుకు పాఠం. 2008 నాటికి సర్వీసు రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 వరుసల దాకా పెంచారు. 2011 నుంచి 2014 మధ్యలోనే పొద్దున ప్రయాణ సమయం 30 శాతం, సాయంత్రం 55 శాతం పెరిగింది. చోటు దొరికింది కదా అని కొత్త బండ్లు వచ్చి చేరాయి.

అయితే వెడల్పు ఎక్కడా వద్దని కాదు. నారాకోడూరు లాంటి కూడళ్లు, ఊరి మధ్యలో పీక నొక్కినట్టుండే మలుపులు, ప్రాణాలు తీసే కల్వర్టులు బాగు చేయాల్సిందే. లారీలు ఊళ్లోకి రాకుండా బైపాస్‌లు కావాల్సిందే. పైగా సుమారు 190 కిలోమీటర్ల అమరావతి అవుటర్ రింగ్ రోడ్డు తెనాలి ప్రాంతాన్ని తాకుతూ వెళ్లేలా ప్రణాళిక ఉంది. అది పూర్తయితే దూరం వెళ్లే బండ్లు చాలావరకు పక్కకు పోతాయి. రింగ్ రోడ్డు వచ్చాక ఎంత రద్దీ మిగులుతుందో తేల్చకుండా ఇప్పుడే ప్రతి రోడ్డునూ నాలుగు వరుసలు చేయడమంటే ఒకే పనికి రెండుసార్లు ఖర్చు పెట్టినట్టే.

పట్టాలున్నాయి.. మరి రైళ్లేవీ?

గుంటూరు–తెనాలి–రేపల్లె లైను 1916 నాటిది. నూరేళ్లు దాటింది. తెనాలి నుంచి రేపల్లెకు 34 కిలోమీటర్లు. చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన.. రోడ్డు మీద బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో దాదాపు అవే ఊళ్లు. కరెంటు లైను వచ్చేసింది. గుంటూరు–తెనాలి మధ్య రెండో లైనూ వచ్చింది. అమృత్ భారత్ పథకంలో తెనాలి, రేపల్లె, బాపట్ల మూడు స్టేషన్లకూ చోటు దక్కింది. కొత్త భవనాలు వస్తాయి, లిఫ్టులు వస్తాయి. సంతోషమే. కానీ ప్రయాణికుడికి ముందు కావాల్సింది భవనం కాదు, రైలు.

రేపల్లె లైన్లో రైళ్లు కొన్నే. ఒకటి తప్పితే మళ్లీ ఎప్పుడో. తొమ్మిదింటికి ఆఫీసులో ఉండాల్సిన మనిషి అలాంటి రైలును నమ్ముకోలేడు. బైకు తీస్తాడు. జనం లేరని రైలు పెంచరు, రైలు లేదని జనం రారు. దశాబ్దాలుగా ఇదే తంతు.

గంటకో రైలు నడపడం సాధ్యమేనా? సాదా లెక్క చూద్దాం. రేపల్లె నుంచి తెనాలికి మెమూ ముక్కాల్గంటలో వస్తే, చివర్లో పావుగంట ఆగి మళ్లీ బయల్దేరితే, రెండు రేకులతో రెండు వైపులా గంటకో రైలు నడపొచ్చు. ఒంటి లైనే కాబట్టి సరిగ్గా మధ్యలో ఒక స్టేషన్లో ఎదురెదురు రైళ్లు దాటుకునే లూప్ లైను ఉండాలి. కొత్తగా ఎకరాలకు ఎకరాలు భూమి సేకరించే పని పెద్దగా ఉండదు. రేకులు, సిబ్బంది, సిగ్నళ్లు, లూప్.. వీటికే ఖర్చు.

పోలిక కోసం రెండు అంకెలు. విజయవాడ మెట్రో తొలి దశకు 38.4 కిలోమీటర్లకు 11,009 కోట్లు అంచనా. కిలోమీటరుకు 287 కోట్ల దాకా. 2024 అక్టోబరులో కేంద్రం ఆమోదించిన ఎర్రుపాలెం–నంబూరు అమరావతి లైనుకు 57 కిలోమీటర్లకు 2,245 కోట్లు. కిలోమీటరుకు 39 కోట్లకు పైనే. తెనాలి–రేపల్లె మధ్య పట్టాలు ఎప్పుడో వేసేశారు. ఉన్న దానిని పూర్తిగా వాడుకోవడమే మిగిలింది.

చిక్కులు లేవా అంటే ఉన్నాయి. గుంటూరు లైను పడమర నుంచి వస్తుంది, రేపల్లె లైను తూర్పుకు పోతుంది. నేరుగా రైలు నడపాలంటే తెనాలి దగ్గర హౌరా–చెన్నై మెయిన్‌లైన్‌ను దాటాలి. సూపర్‌ఫాస్టులు, గూడ్సులు నిత్యం పరిగెత్తే లైను అది. వాటి మధ్య సందు దొరికే దాకా ప్యాసింజర్ ఆగాల్సిందే. బాపట్ల వైపు ప్యాసింజర్లదీ అదే గోడు. వెనక సూపర్‌ఫాస్ట్ వస్తోందంటే చుండూరులోనో నిడుబ్రోలులోనో లూప్‌లో పడేస్తారు. టైం తప్పుతుంది. నమ్మకం పోతుంది.

2015–16లో మంజూరైన విజయవాడ–గూడూరు మూడో లైను ఈ ఇబ్బందికి సగం జవాబు. సుమారు 288 కిలోమీటర్ల ఆ పని విడతలవారీగా సాగుతోంది. అయితే మూడో లైను వచ్చిందని లోకల్ రైళ్లు వాటంతటవే పెరగవు. ఖాళీ అయిన చోటును గూడ్సు బళ్లు నింపేస్తాయి. పొద్దున, సాయంత్రం రెండేసి గంటలు విజయవాడ–తెనాలి–బాపట్ల–చీరాల లోకల్స్‌కు ఇంత చోటు అని ముందే రాయించుకోవాలి. ఇప్పుడు అడగకపోతే తర్వాత దొరకదు.

రైళ్లు పెరిగితే గేట్ల సంగతేంటి?

ఇది దాచాల్సిన విషయం కాదు. రైళ్లు పెంచితే రైల్వే గేట్లు ఎక్కువసార్లు పడతాయి. గేటు పడ్డప్పుడల్లా అటు ఇటు బండ్లు బారులు తీరుతాయి. అంబులెన్స్ కూడా అందులోనే ఇరుక్కుంటుంది. రైలు వల్ల రోడ్డుకు మేలు జరగాలంటే గేట్ల మీద ముందు దృష్టి పెట్టాలి.

రోజుకు వెళ్లే రైళ్ల సంఖ్యను రోడ్డు మీది బండ్ల లెక్కతో గుణిస్తే లక్ష దాటిన గేటు దగ్గర ఓవర్ బ్రిడ్జికి రైల్వే, రాష్ట్రం సగం సగం ఖర్చు పెట్టుకోవడం పాత పద్ధతి. రైళ్లు రెట్టింపైతే ఆ లెక్కా రెట్టింపవుతుంది. ఇవాళ అర్హత లేని గేటుకు రేపు అర్హత వస్తుంది. కాబట్టి రైళ్ల ప్రణాళిక, వంతెనల ప్రణాళిక కలిపే వేయాలి. రైళ్లు వచ్చాక పదేళ్లకు వంతెన వస్తే ఆ పదేళ్లూ జనం రైలునే తిట్టుకుంటారు. డెల్టాలో అండర్‌పాస్ కట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త. నేలలో నీరు పైపైనే ఉంటుంది. నీళ్లు తోడే ఏర్పాటు లేని అండర్‌పాస్ వానాకాలంలో చెరువే.

బస్సు కలవకపోతే రైలూ దండగే

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ సహా ఐదు రకాల బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. కూలికి వెళ్లే ఆడవాళ్లకు, కాలేజీ అమ్మాయిలకు, ఆసుపత్రి చుట్టూ తిరిగే పెద్దవాళ్లకు నెలకు మిగిలే డబ్బు చిన్నది కాదు. అయితే జనం పెరిగినప్పుడు బస్సులూ పెరగాలి. లేదంటే ఎక్కలేని బస్సు ఉచితమైనా ఒకటే, కాకపోయినా ఒకటే.

ఇక్కడే రైలు పనికొస్తుంది. రేపల్లె నుంచి తెనాలి మీదుగా గుంటూరు వెళ్లే జనంలో కొంతమందిని రైలు మోస్తే, మిగిలిన బస్సులను పట్టాలు లేని ఊళ్లకు తిప్పొచ్చు. కొల్లూరు, కొల్లిపర, చెరుకుపల్లి, నిజాంపట్నం వైపు జనానికి బస్సే దిక్కు. రేపల్లె–బాపట్ల మధ్య అర్ధగంటకో బస్సు ఉంటే జిల్లా కేంద్రానికి వెళ్లడం ఒక పూట పనిగా తేలుతుంది. తెనాలి, రేపల్లె, బాపట్ల మూడు చోట్లా ఆర్టీసీ డిపోలున్నాయి. లేనిదల్లా రైలు టైమూ బస్సు టైమూ కలిపి చూసే మనిషే.

ఒక చిక్కు మాత్రం ఉంది. బస్సులో ఉచితంగా వెళ్లే మహిళ టికెట్ కొని రైలెక్కుతుందా? రైలు టైం ఆదా చేస్తేనే ఎక్కుతుంది. లేదంటే రెండింటికీ కలిపి ఒకే పాస్ ఇవ్వాలి. ఆ ఖర్చు ఎవరు భరించాలో రాష్ట్రం, రైల్వే కూర్చుని తేల్చుకోవాలి.

హైదరాబాద్, బెజవాడ నేర్పిన పాఠాలు

హైదరాబాద్ ఎంఎంటీఎస్ 2003 ఆగస్టులో మొదలైంది. చౌక టికెట్‌తో లింగంపల్లి, ఫలక్‌నుమా దాకా వెళ్లొచ్చంటే జనం మురిసిపోయారు. కానీ రైలుకూ రైలుకూ మధ్య ఎడం ఎక్కువ, టైం తప్పడం మామూలు, స్టేషన్ బయటికొస్తే బస్సు కనపడదు. రెండో దశ 2012–13లో మంజూరైనా నిధుల వాటాల దగ్గర ఏళ్లు గడిచాయి. మేడ్చల్ రైలు పట్టాలెక్కేసరికి 2023 ఏప్రిల్ వచ్చింది. పట్టాలు, బోగీలు, టికెట్ ధర అన్నీ బాగున్నా రైలు ఎప్పుడొస్తుందో తెలియకపోతే జనం రారని ఎంఎంటీఎస్ చెప్పింది.

విజయవాడ బీఆర్టీఎస్‌ది ఇంకో పాఠం. సత్యనారాయణపురం మీదుగా బస్సుల కోసమే మధ్యలో వరుసలు కట్టారు. వాటి మీద తిరగాల్సినన్ని బస్సులు తిరగలేదు. రోడ్డు కట్టడం కాంట్రాక్టరు పని. అది కట్టాక రోజూ బస్సు నడపడం వ్యవస్థ పని. మొదటిది అయ్యింది, రెండోది కాలేదు.

కాలువల్లో పడవలు మళ్లీ తిరుగుతాయా అన్న మాటా అప్పుడప్పుడు వినిపిస్తుంది. కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువలను కలుపుకుని 2008లో నాలుగో జాతీయ జలమార్గం ప్రకటించారు. కొచ్చిలో 2023 ఏప్రిల్ నుంచి వాటర్ మెట్రో నడుస్తోంది కూడా. కానీ కొచ్చిది ఏడాది పొడవునా నీళ్లుండే కాయలు. మనవి సాగు కాలువలు. పైరు అయిపోయాక నీళ్లు కట్టేస్తారు. రోజువారీ ప్రయాణానికి వీటిని నమ్ముకోవడం ఇప్పట్లో కుదిరే పని కాదు.

ఎవర్ని అడగాలి?

చివరికి చిక్కంతా ఇక్కడే. తెనాలి గుంటూరు జిల్లా, సీఆర్‌డీఏ పరిధి. రేపల్లె, బాపట్ల ఇంకో జిల్లా. మెయిన్‌లైన్ విజయవాడ డివిజన్‌ది. రేపల్లె లైను గుంటూరు డివిజన్‌ది. హైవే కేంద్రానిది. నారాకోడూరు రోడ్డు రాష్ట్ర ఆర్‌అండ్‌బీది. బస్సు ఆర్టీసీది. ఊళ్లో రోడ్డు మున్సిపాలిటీది. ప్రయాణికుడు మాత్రం ఒక్కడే. కేరళ 2020లో కొచ్చికి మెట్రోపాలిటన్ ట్రాన్స్‌పోర్ట్ అథారిటీ పెట్టి ఇవన్నీ ఒక బల్ల దగ్గరికి తెచ్చే ప్రయత్నం చేసింది. అంత పెద్ద సంస్థ ఇక్కడ అక్కర్లేదు. ఇద్దరు కలెక్టర్లు, ఇద్దరు డీఆర్ఎంలు, ఆర్టీసీ, ఆర్‌అండ్‌బీ అధికారులు మూడు నెలలకోసారి కూర్చున్నా చాలు.

అడగడానికి ఇదే అదను. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. మచిలీపట్నం–రేపల్లె కొత్త లైను డిమాండ్ ఎప్పటి నుంచో ఉంది. మచిలీపట్నం పోర్టు పనులు సాగుతున్నాయి. రేపు ఆ లైను వస్తే రేపల్లె చివరి స్టేషన్‌గా ఉండదు, పోర్టు గూడ్సు దారిలో మధ్య స్టేషన్ అవుతుంది. అప్పుడు ఒంటి లైను మీద లోకల్ రైలుకు చోటే దొరకదు. ఈ లోపే రెండో లైను, గేట్ల వంతెనల లెక్క తేల్చుకోవాలి.

ముందుగా చేయాల్సిందేంటి?

ఖర్చు లేని పని ఒకటుంది. రోడ్డు మీద బండ్లను కాదు, మనుషుల్ని లెక్కపెట్టడం. ఎవరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ టైంలో వెళ్తున్నారో వారం రోజులు లెక్కిస్తే సగం సంగతి తేలిపోతుంది. రెండోది ఆరు నెలల ప్రయోగం. పొద్దున రెండు, సాయంత్రం రెండు అదనపు మెమూలు గుంటూరు–రేపల్లె మధ్య నడిపి, ప్రతి రైలుకూ తెనాలి, రేపల్లెల్లో బస్సులు కలపాలి. ఆదివారాలు బాపట్ల స్టేషన్ నుంచి సూర్యలంకకు రైలు దిగగానే బస్సు ఉండాలి. జనం వచ్చారా, రోడ్డు తేలికపడిందా చూడాలి.

ఆ తర్వాత వెడల్పు చేయాల్సిన చోట చేద్దాం. అప్పుడు ఎవరి పొలం ఎంత పోతోందో, దాని వల్ల ఎంతమందికి ఎన్ని నిమిషాలు మిగులుతున్నాయో చెప్పి అడగొచ్చు. రైతు భూమి ఇచ్చేది ఒక్కసారే. రోడ్డు వేశాక పొలం తిరిగి రాదు. అందుకే లెక్క తేలాకే కొలత గొలుసు పొలంలోకి దిగాలి.